స్కోప్ బొమ్మ, సెల్లు తెర

శివరాత్రి వెళ్ళి తెల్లవారితే నాదెండ్లలో ఏ సెల్‌ఫోన్ తెరిచినా కోటప్పకొండ తిరునాళ్ళే కనిపిస్తుంది. నరసరావుపేట, చిలకలూరిపేట చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు పోటీలు పడి కట్టే విద్యుత్ ప్రభలు ఎనభై, తొంభై అడుగుల ఎత్తు లేస్తాయి. ఫోన్ నిలువుగా పట్టుకుని తీస్తే ప్రభ అడుగు నుంచి కొస దాకా తెర నిండా పడుతుంది. ఆ ప్రభ ముందే వేదిక వేసి ఆడిన ఆటపాటల వీడియో సంగతి వేరు. అదే ఫోన్‌ని అలాగే పట్టుకుని చూస్తే పైన నలుపు, కింద నలుపు, నడుమ ఒక సన్నని పట్టీ. ఆ పట్టీలో పదిమంది ఉన్నారని తెలుస్తుంది గాని ఎవరెవరో పోల్చుకోలేం.

ఎత్తయినదానికి నిలువు తెర, వెడల్పయినదానికి అడ్డం తెర నప్పుతాయన్నంత వరకు అందరికీ తెలుసు. తెర మారనప్పుడు బొమ్మనే మార్చాల్సి వస్తుంది. అప్పుడు ఎంత పోతుంది? పోయేదాన్ని ఎవరు ఎంచుతారు? వెడల్పు తెర కోసం తీసిన వీడియోను అరచేతిలో తెరకు మార్చే విద్యంతా ఈ రెండు ప్రశ్నల చుట్టూ తిరుగుతుంది. ఇందులో కొంత సినిమా చరిత్ర, కాసిన్ని లెక్కలు ఉన్నాయి. హైదరాబాదులో జరిగిన ఒక పరిశోధన కూడా ఉంది.

తెర ఎలా సాగిందంటే

బొమ్మ వెడల్పును ఎత్తుతో భాగిస్తే వచ్చే అంకె దాని ఆకారాన్ని చెబుతుంది. 1 వస్తే చదరం. అంకె పెరిగేకొద్దీ బొమ్మ పక్కలకు సాగుతుంది. 1890ల్లో ఎడిసన్ ప్రయోగశాలలో డిక్సన్ 35 ఎం.ఎం. ఫిల్ము మీద ఖాయం చేసిన బొమ్మ 4:3, అంటే 1.33. సినిమాకు మాటలొచ్చాక ఫిల్ము అంచున శబ్దానికి చోటివ్వాల్సి వచ్చింది. దాంతో 1932లో హాలీవుడ్ 1.37ను ప్రమాణంగా పెట్టుకుంది. మన పాత సినిమాలు ఆ చట్రంలోనివే. గూడవల్లి రామబ్రహ్మం మొదలుపెట్టగా ఎల్.వి. ప్రసాద్ పూర్తిచేసిన 1947 నాటి ‘పల్నాటి యుద్ధం’, గుత్తా రామినీడు దర్శకత్వంలో 1966లో వచ్చిన ‘పల్నాటి యుద్ధం’ రెండూ ఆ కాలానివే. తర్వాత వచ్చిన టీవీ పెట్టె కూడా సినిమాను చూసే 4:3 పట్టుకుంది.

టీవీ ఇళ్ళలోకి వచ్చి హాళ్ళు పలచబడేసరికి అమెరికా స్టూడియోలు ఇంట్లో దొరకనిదేదో చూపించక తప్పలేదు. ఫ్రాన్సు శాస్త్రవేత్త ఆంరీ క్రెతియాన్ 1920ల్లో రూపొందించిన కటకం వాళ్ళ చేతికి అందింది. షూటింగులో ఈ కటకం వెడల్పాటి దృశ్యాన్ని పక్కల నుంచి సగానికి నొక్కి మామూలు 35 ఎం.ఎం. ఫిల్ము మీదే పడేస్తుంది. హాల్లో ప్రొజెక్టరుకు తగిలించిన జోడీ కటకం దాన్ని మళ్ళీ రెండింతలకు సాగదీస్తుంది. ఈ పద్ధతికి సినిమాస్కోప్ అని పేరు పెట్టి 1953లో ‘ది రోబ్’ విడుదల చేశారు. నిష్పత్తి మొదట్లో 2.55 ఉండేది. తర్వాత 2.35కు తగ్గింది, ఇప్పుడు 2.39 దగ్గర స్థిరపడింది.

భారతదేశానికి సినిమాస్కోప్‌ను 1959లో గురుదత్ ‘కాగజ్ కే ఫూల్’ తెచ్చింది. తెలుగులో ఆ ఘనత 1974లో వచ్చిన కృష్ణ ‘అల్లూరి సీతారామరాజు’ది. తెలుగులో తొలి 70 ఎం.ఎం. సినిమా ‘సింహాసనం’ కూడా 1986లో కృష్ణే తీశారు. స్కోప్ బొమ్మ వేసేటప్పుడు ఆపరేటర్ స్కోప్ లెన్సు పెట్టడం మరిస్తే తెర మీద మనుషులంతా సన్నగా, పొడుగ్గా కనిపించేవాళ్ళు. హాల్లో ఈలలు, కేకలు మొదలయ్యేవి. ఈ పొరపాటును గుర్తుంచుకోండి, ఫోన్‌లో మళ్ళీ ఎదురవుతుంది.

ఇటు 1.33, అటు 2.35. రెండిటినీ ఓర్చుకోగల టీవీ తెర ఎంత వెడల్పుండాలి? 1980ల్లో అమెరికా ఇంజనీరు కెర్న్స్ పవర్స్ వాడుకలో ఉన్న నిష్పత్తులన్నిటికీ సమాన వైశాల్యం ఉన్న దీర్ఘచతురస్రాలు గీసి, కేంద్రాలు కలిసేలా ఒకదానిమీద ఒకటి పెట్టాడు. అన్నిటినీ కప్పే చట్రం 1.78 దగ్గర తేలింది. ఇవాళ ప్రతి ఇంటి టీవీలో ఉన్న 16:9 అదే. 1.33ను 2.35తో గుణించి వర్గమూలం తీసినా దాదాపు అంతే వస్తుంది. ఈ వర్గమూలానికి కాసేపట్లో మళ్ళీ పని పడుతుంది.

సెల్‌ఫోన్లు ఈ చరిత్రనంతా పదిహేనేళ్ళలో మళ్ళీ నడిచాయి. చాలా బటన్ ఫోన్ల తెర 240 అడ్డం, 320 నిలువు చుక్కలు. పక్కకు తిప్పితే పాత టీవీ ఆకారమే. 2010 ప్రాంతంలో ఊరూరా కనిపించిన నోకియా 5233 తెర 640×360, అంటే 16:9. 2017లో వచ్చిన జియోఫోన్ మళ్ళీ 2.4 అంగుళాల 240×320 తెరకే వెళ్ళింది. ఇప్పటి ఫోన్లలో 20:9 మామూలైపోయింది. పక్కకు తిప్పితే అది 2.22, స్కోప్‌కు అంగుష్ఠమాత్రం దూరం.

మూడు దారులు, ఒకే నష్టం

320×240 తెర మీద 2.35 స్కోప్ బొమ్మ చూపాలి. దారులు మూడే.

మొదటి దారిలో బొమ్మను మొత్తంగా కుదిస్తారు. వెడల్పు 320కి దిగితే ఎత్తు 136 గీతలకు దిగుతుంది. తెరలో 57 శాతం మాత్రమే పనిచేస్తుంది, మిగతాది నల్ల పట్టీలు. రెండో దారిలో తెర నిండేదాకా పెంచి, పక్కలు కోసేస్తారు. 240 గీతల ఎత్తుకు పెంచిన స్కోప్ బొమ్మ వెడల్పు 564. అందులో 320 మాత్రమే తెర మీద పడుతుంది. తెర నిండింది గాని బొమ్మలో 57 శాతమే మిగిలింది. మూడో దారిలో కొయ్యరు, పట్టీలూ వెయ్యరు. బొమ్మను పక్కల నుంచి నొక్కి కూరుతారు. అప్పుడు మొహాలు ఉండాల్సిన వెడల్పులో 57 శాతానికి చిక్కిపోతాయి. స్కోప్ లెన్సు మరిచిన ఆపరేటర్ మళ్ళీ వచ్చాడన్నమాట.

మూడు చోట్లా అదే 57 ఎందుకొచ్చింది? తెర నిష్పత్తిని బొమ్మ నిష్పత్తితో భాగిస్తే వచ్చేది అదే గనక. 1.33ను 2.35తో భాగించి చూడండి. మొదటి దారిలో నష్టం తెర పరిమాణంలో పడింది, రెండో దారిలో బొమ్మ పక్కల్లో, మూడో దారిలో ఆకారంలో. పన్ను మొత్తం మారలేదు, ఏ పద్దు కింద కట్టామన్నదే మారింది.

మధ్యేమార్గం లేకపోలేదు. కాస్త కోసి, కాస్త పట్టీలు ఉంచొచ్చు. స్కోప్ బొమ్మను ముందు 16:9కు కోస్తే బొమ్మలో 76 శాతం మిగులుతుంది. దాన్ని 4:3 తెరలో పెడితే తెరలో 75 శాతం నిండుతుంది. రెండూ గుణిస్తే మళ్ళీ 57. ఎక్కడ కోసినా మిగిలిన బొమ్మ భాగాన్ని నిండిన తెర భాగంతో గుణిస్తే వచ్చేది అదే. ఒకటి పెంచితే రెండోది తగ్గాలి. రెండు నష్టాలు సరిసమానంగా పంచుకునే చోటు ఆ వర్గమూలం దగ్గరుంది. పవర్స్ గీసిన చట్రం ఎందుకంత కాలం నిలిచిందో ఇక్కడ అర్థమవుతుంది.

ఇప్పటి 20:9 ఫోన్‌ను నిలువుగా పట్టుకుంటే దాని నిష్పత్తి 0.45. టీవీ కొలత వీడియోకు దక్కేది నాలుగో వంతు తెర. స్కోప్ సినిమాకు ఐదో వంతూ దక్కదు. పక్కలు కోసి తెర నింపుదామన్నా అంతే, సినిమాలో ఐదింట నాలుగు వంతులు కత్తెర పాలవుతాయి.

ప్రభకు ఈ లెక్క తిరగబడుతుంది. ఎత్తులో నాలుగో వంతు వెడల్పున్న ప్రభ అనుకుందాం. అడ్డం పట్టిన 16:9 చట్రంలో అది 14 శాతం చోటే నింపగలదు. నిలువు 9:16 చట్రంలో 44 శాతం నింపుతుంది. నిలువు వీడియోను వెక్కిరించే పెద్దలు ప్రభ విషయంలో కుర్రాళ్ళదే ఒప్పని ఒప్పుకోవాలి.

మొహానికి ఎన్ని గీతలు?

మొత్తం నష్టం మారదన్నాం. దాని వల్ల చూసేవాడికి కలిగే బాధ మాత్రం షాటును బట్టి మారుతుంది. లాంగ్ షాటులో చట్రం ఎత్తులో మూడో వంతు ఎత్తున మనిషి నిలబడ్డాడనుకోండి. 136 గీతల బొమ్మలో అతని వాటా 45 గీతలు. మనిషి ఎత్తు సుమారు ఏడున్నర తలలంత. అంటే మొహానికి మిగిలేవి ఆరు గీతలు. ఆరు గీతల్లో కళ్ళూ మీసమూ విడివిడిగా చూపించడం ఏ సాఫ్ట్‌వేరుకూ సాధ్యం కాదు. ఇలాంటి షాటులో పక్కలు కోసి మనిషిని దగ్గరకు తెచ్చుకోవడమే మేలు.

ఇద్దరు ఎదురెదురుగా నిలబడి మాట్లాడుకునే స్కోప్ షాటు చూడండి. ఒకడు ఈ చివర, ఇంకొకడు ఆ చివర. నడుమ భాగం కోసుకుంటే చేతికి చిక్కేది వాళ్ళ వెనకున్న గోడ. ఇక్కడ పట్టీలే నయం. క్లోజప్ అయితే ఎలా కోసినా పెద్దగా ఇబ్బంది లేదు. గుంపు డాన్సులో పక్కనున్నవాళ్ళు పోతే హీరో మిగులుతాడు గాని డాన్సు పోతుంది.

అంటే సినిమా మొత్తానికీ ఒకే సూత్రం వర్తింపజేస్తే చెడుతుంది. మంచి మార్పు షాటు షాటుకూ నిర్ణయం తీసుకోవాలి. వీడియో కొలత మార్చే కన్వర్టర్ సాఫ్ట్‌వేర్లలో చాలావాటికి ఆ తెలివి లేదు. మొదటి ఫ్రేముకు ఏం చేశాయో చివరి ఫ్రేముకూ అదే చేస్తాయి.

పెళ్ళి డీవీడీ ఫోన్‌లోకి దిగేవరకు

సినిమాల మీద హక్కులు వాటి నిర్మాతలవి. మనవే అయిన వీడియోలు తీసుకుందాం: బీరువాలో ఉన్న పెళ్ళి డీవీడీ, ఊళ్ళో ఆడిన పౌరాణిక నాటకం వీసీడీ. వీటిని ఫోన్‌లోకి దించేటప్పుడు తెర వెనక జరగాల్సిన పనులు కొన్ని ఉన్నాయి. వరస తప్పితే ఫలితం పాడవుతుంది.

ముందు చేయాల్సింది గీతలు కలపడం. పాత వీడియో కెమెరాలు సెకనుకు 25 పూర్తి బొమ్మలకు బదులు 50 అరబొమ్మలు తీసేవి. ఒక అరబొమ్మలో బేసి గీతలు, తర్వాతిదానిలో సరి గీతలు ఉంటాయి. తలంబ్రాలు పోసే చెయ్యి వేగంగా కదులుతుంది కాబట్టి రెండు అరబొమ్మల్లో రెండు చోట్ల ఉంటుంది. వాటిని ఊరికే కలిపేస్తే చేతి అంచున దువ్వెన పళ్ళలాంటి గీతలు తేలతాయి. వాటిని సరిచేయకుండా కుదిస్తే ఆ పళ్ళు మిగతా బొమ్మలో కలిసిపోయి మసకబారతాయి, ఆ తర్వాత ఏం చేసినా వదలవు.

రెండోది చుక్క ఆకారం. మన దేశంలో వాడిన డీవీడీలో బొమ్మ 720×576 చుక్కలు. భాగిస్తే 1.25 వస్తుంది. డీవీడీ మీద 4:3 అనో 16:9 అనో ఒక గుర్తు వేరే ఉంటుంది, ప్లేయర్ దాన్ని చూసి చుక్కలను పక్కలకు సాగదీస్తుంది. అంటే డీవీడీ చుక్క చదరం కాదు. ఆ గుర్తును పట్టించుకోని కన్వర్టరు 16:9 డీవీడీని చదరపు చుక్కలుగా మారిస్తే పెళ్ళికొడుకు 30 శాతం చిక్కిపోతాడు. వీసీడీ 352×288. అక్కడ తేడా 8 శాతమే కాబట్టి ఎవరూ కనిపెట్టరు, మొహాల్లో ఏదో తేడా ఉందని మాత్రం అనిపిస్తుంది.

మూడోది బొమ్మలోనే ముద్రపడిపోయిన నల్ల పట్టీలు. వీసీడీ చట్రం 4:3. అందులో స్కోప్ బొమ్మ పెట్టినప్పుడు 288 గీతల్లో 163 మాత్రమే అసలు బొమ్మ. మిగతా నలుపు కూడా బొమ్మలో భాగంగానే ఫైల్లో ఉంటుంది. దీన్ని ఉన్నదున్నట్టు 640×360 ఫోన్‌లో వేస్తే ఫోన్ దాన్ని 4:3 అనుకుని పక్కల పట్టీలు తగిలిస్తుంది. పైన కింద పాత నలుపు, పక్కల కొత్త నలుపు. నడుమ మిగిలే బొమ్మ 480×204, తెరలో 42 శాతం. ముందుగా పాత పట్టీలు కోసి మార్చి ఉంటే 640×272 వచ్చేది, తెరలో 76 శాతం. ఎలాంటి బొమ్మా పోగొట్టకుండా దాదాపు రెట్టింపు లాభం. ఎఫ్ఎఫ్ఎంపెగ్, హ్యాండ్‌బ్రేక్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు ఈ పట్టీలను వాటంతటవే కనిపెడతాయి. కొన్ని ఫ్రేముల అంచులు చూసి ఎక్కడిదాకా నలుపు మారకుండా ఉందో కొలుస్తాయి. చీకటి సీను ఒక్కటే చూస్తే మోసపోతాయి కాబట్టి వీడియో పొడుగునా అక్కడక్కడా చూడాలి.

నాలుగోది గడుల లెక్క. వీడియోను కుదించి దాచే పద్ధతుల్లో చాలావి బొమ్మను 16×16 చుక్కల గడులుగా విడగొట్టుకుంటాయి. గత ఫ్రేములో ఈ గడి ఎక్కడుందో వెతికి, కదిలిన దూరాన్నీ మిగిలిన తేడానూ మాత్రమే రాసుకుంటాయి. 320×240 తెర లెక్కలో వచ్చిన 136 గీతలను పదహారుతో భాగిస్తే ఎనిమిదిన్నర గడులు. ఆఖరి వరస సగం వృథా. అందుకే తెలిసినవాళ్ళు పక్కల కొంచెం కోసి 320×144 చేసుకునేవాళ్ళు. సరిగ్గా తొమ్మిది గడులు, పోయేది 5 శాతం బొమ్మ. విచిత్రమేమిటంటే 320×144 నిష్పత్తి అచ్చంగా 20:9. ఇప్పటి ఫోన్ల తెర ఆకారం ఆనాటి గడుల లెక్కలోనే దాగి ఉంది.

చివరిది బరువు. రెండున్నర గంటల వీడియో అంటే 9,000 సెకన్లు. బొమ్మకు సెకనుకు 300 కిలోబిట్లు, మాటకు 64 కిలోబిట్లు ఇస్తే మొత్తం 410 మెగాబైట్లు అవుతుంది. 1 జీబీ మెమరీ కార్డులో అలాంటివి రెండు పడతాయి. అంతకంటే పాత ఫోన్లలో వాడిన 3జీపీ ఫైళ్ళలో మాటను ఫోన్ సంభాషణకు ఉద్దేశించిన పద్ధతిలో, సెకనుకు 8,000 నమూనాలతో దాచేవారు. మనిషి గొంతుకు అది సరిపోతుంది. పద్యం చివర రాగానికీ హార్మోనియానికీ సరిపోదు. నాటకం వీడియో ఫోన్‌లో డొల్లగా వినిపించడానికి కారణం అదే.

జరీ అంచు ఎందుకు మెరమెరలాడుతుంది?

కుదించడం అంటే చుక్కలు ఏరిపారేయడమే గదా అనిపిస్తుంది. 1920 చుక్కల వెడల్పును 320కి దించాలంటే ప్రతి ఆరు చుక్కల్లో ఒకటి ఉంచితే సరి అనుకుంటాం. అలా చేస్తే పట్టుచీర జరీ అంచు మెరమెరలాడిపోతుంది, లేని వంకర చారలు పాకుతూ కనిపిస్తాయి. సన్న గళ్ళ చొక్కా, కిటికీ చువ్వలు, దూరాన తంతి స్తంభాల తీగలు అన్నిటికీ అదే గతి.

కారణం సమాచార శాస్త్రంలో పేరున్న నైక్విస్ట్ నియమం. ఒక గీతల వరసను నిజాయితీగా చూపాలంటే ఒక్కో గీతల జతకు కనీసం రెండు చుక్కలు కావాలి. కొత్త తెర మోయలేనంత సన్న గీతలు బొమ్మలో మిగిలి ఉంటే అవి మాయమైపోవు, వేషం మార్చుకుని లావు చారలుగా తిరిగొస్తాయి. చీర కదిలినప్పుడల్లా ఆ దొంగచారలు వేరే చోట పుడతాయి.

విరుగుడు ఏమిటంటే, ముందు బొమ్మను తగినంత మెత్తబరిచి తర్వాత చుక్కలు తీయాలి. 1920 నుంచి 320కి దిగినప్పుడు కొత్త చుక్క ఒక్కొక్కటి 36 పాత చుక్కలకు ప్రతినిధి. ఆ ముప్పై ఆరిటినీ సమంగా సగటు తీస్తే చారలు పోతాయి గాని బొమ్మ మసకబారుతుంది. హంగరీ గణితవేత్త కొర్నేలియస్ లాంజోస్ పేరు మీదున్న పద్ధతి చుట్టుపక్కల చుక్కలకు దూరాన్ని బట్టి బరువులిస్తుంది, కొన్నిటికి రుణ బరువు కూడా ఇస్తుంది. అందువల్ల అంచులు పదునుగా నిలుస్తాయి. కన్వర్టరులో ఎంచుకునే అవకాశం ఉంటే కుదింపుకు ఇదే ఎంచుకోవచ్చు. కాస్త ఎక్కువ సమయం పడుతుంది, అంతే.

కిటికీని జరిపేదెవరు?

పక్కలు కొయ్యాలని తేలాక ఎక్కడ కొయ్యాలన్న ప్రశ్న మిగులుతుంది. బొమ్మ మీద చిన్న కిటికీ పెట్టి, కథ ఎటు నడిస్తే అటు జరపడం పాత పద్ధతి. 1961 సెప్టెంబరులో అమెరికాలో ఎన్‌బీసీ చానెల్ ‘హౌ టు మ్యారీ ఎ మిలియనీర్’ అనే స్కోప్ సినిమాను శనివారం రాత్రి ప్రసారం చేసింది. అప్పటి నుంచి స్కోప్ సినిమాలను టీవీ చట్రానికి కోసే పని ఒక ఉద్యోగమే అయింది. కూర్చుని షాటు షాటుకూ కిటికీ ఎక్కడుండాలో ఆపరేటర్ నిర్ణయించేవాడు. దర్శకుడు కెమెరా కదపని చోట టీవీలో కెమెరా కదిలినట్టు కనిపించేది. ఒకే షాటు రెండు ముక్కలయ్యేది. దర్శకులు మండిపడ్డారంటే తప్పేముంది?

కంప్యూటరుకు ఈ పని అప్పగించాలన్న ప్రయత్నాల్లో 2007లో శాయ్ అవిదాన్, ఏరియల్ షమీర్ ప్రకటించిన పద్ధతి సంచలనం రేపింది. బొమ్మలో పై నుంచి కిందికి, గీతకొక్క చుక్క చొప్పున, ఎక్కువ మార్పులు లేని చోట్ల గుండా ఒక వంకర దారి వెతికి ఆ చుక్కలు తీసేస్తారు. ఆకాశం, గోడ, ఇసుక లాంటివి కుంచించుకుపోతాయి, మనుషులు చెక్కుచెదరరు. విడి ఫోటోలకు ముచ్చటగా పనిచేసింది. వీడియోలో ఒక ఫ్రేముకు దొరికిన దారి మరో ఫ్రేముకు దొరకదు గనక గోడలు వణికాయి. తెర నిండా మనుషులుంటే తీసెయ్యడానికి ఖాళీ చోటే లేక మొహాలు నలిగాయి.

మనిషి చూసేది ఎటో తెలిస్తే కిటికీ ఎటు జరపాలో తెలిసినట్టేగా? హైదరాబాదు ట్రిపుల్ ఐటీలో వినీత్ గాంధీ, ఆయన సహ పరిశోధకులు 2018లో ప్రచురించిన పనికి ఇదే పునాది. ప్రేక్షకులు వీడియో చూస్తున్నప్పుడు వాళ్ళ చూపు తెర మీద ఎక్కడ వాలుతోందో కంటి చూపును పసిగట్టే యంత్రంతో నమోదు చేశారు. ఆ చూపుల ఆధారంగా రెండు మెట్లలో పని నడుస్తుంది. చూపులన్నీ ఒక చోటు నుంచి మరో చోటికి ఒక్కసారిగా దూకిన క్షణాలను పట్టి, అక్కడ కొత్త కట్ వేయాలా అని మొదటి మెట్టులో తేల్చుకుంటుంది. రెండో మెట్టులో కిటికీ నడవాల్సిన దారి గీస్తుంది. ఆ దారిలో మూడు రకాల ముక్కలే ఉండాలని గణితంతో కట్టడి చేస్తారు: కదలకుండా నిలబడడం, ఒకే వేగంతో సాగడం, మెల్లగా వేగం పుంజుకోవడం లేదా తగ్గడం. చెయ్యి తిరిగిన కెమెరామన్ పాన్ చేసేదీ ఇలాగే. గుంజినట్టు మొదలుపెట్టడు, ఠక్కున ఆపడు.

పదహారు మందితో పరీక్షించినప్పుడు, ఈ ఫలితం పట్టీలు వేసిన బొమ్మకంటే, అంతకుముందున్న చూపు ఆధారిత పద్ధతికంటే మేలనిపించుకుంది. కదలని కెమెరాతో దూరం నుంచి తీసిన వెడల్పాటి వీడియోల్లో ఆ మేలు మరింత స్పష్టంగా కనబడింది. మన ఊళ్ళ నాటకాల వీడియోలు సరిగ్గా ఆ రకమే. వేదిక ఎదురుగా స్టాండు మీద ఒక కెమెరా పెట్టి, తెర లేచినప్పుడు మొదలుపెట్టి మంగళం దాకా కదపకుండా తీస్తారు. ఒకే షాటులో సభంతా ఉంటుంది, పద్యం పాడేవాడి మొహం మాత్రం ఆరు గీతల్లో ఉంటుంది. అలాంటి రికార్డింగులను ఫోన్ తెరకు పనికొచ్చేలా చేయగల విద్య మన హైదరాబాదులోనే పుట్టిందన్నది మనవాళ్ళు తెలుసుకోవాల్సిన సంగతి.

2020 ఫిబ్రవరిలో గూగుల్ ఆటోఫ్లిప్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు విడుదల చేసింది. దీనికి చూపు పసిగట్టే యంత్రం అక్కర్లేదు. ముందు షాట్లను విడదీస్తుంది, ప్రతి షాటులో మొహాలను, వస్తువులను గుర్తిస్తుంది. తర్వాత కిటికీని నిలిపి ఉంచాలా, ఒక వైపు జరపాలా, మనిషి వెంట నడిపించాలా అని తేల్చుకుంటుంది. ముఖ్యమైనవన్నీ కిటికీలో పట్టకపోతే మొండికెయ్యదు, ఆ షాటు వరకు పట్టీలు వేసి వదిలేస్తుంది. కోత ఎక్కడ నప్పదో యంత్రానికి తెలియడమే ఈ పద్ధతిలో మెచ్చుకోవలసిన గుణం.

మాయాబజార్ పోయిన ఎదురుదారి

ఇదంతా వెడల్పు నుంచి ఇరుకుకు. తెలుగువాళ్ళు ఎదురుదారిలోనూ ఒక ప్రయాణం చేశారు. కె.వి. రెడ్డి దర్శకత్వంలో మార్కస్ బార్ట్లే ఛాయాగ్రహణంతో 1957లో వచ్చిన ‘మాయాబజార్’ను హైదరాబాదు సంస్థ గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ రంగుల్లోకి, సినిమాస్కోప్‌లోకి మార్చి 2010 జనవరిలో విడుదల చేసింది. రంగుల గురించి అందరూ మాట్లాడుకున్నారు, చట్రం గురించి తక్కువమంది మాట్లాడారు. 1.37 బొమ్మను 2.35 తెర నిండేలా కోతతోనే మార్చాలంటే ఎత్తులో 42 శాతం వదులుకోవాలి. బార్ట్లే ఒక షాటు కూర్చినప్పుడు తల మీద ఎంత ఖాళీ, కాళ్ళ కింద ఎంత నేల అని లెక్కవేసే కూర్చాడు. అప్పుడు హాలు తెర కోసం పై కింద పోయింది. ఇప్పుడు ఫోన్ కోసం పక్కలు పోతున్నాయి. లెక్క మారలేదు.

మరి ఏం చేయాలి?

6.5 అంగుళాల 20:9 ఫోన్ తెర సుమారు 15 సెంటీమీటర్ల పొడవు, 6.8 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. నిలువుగా పట్టుకుని స్కోప్ సినిమా చూస్తే బొమ్మ ఎత్తు మూడు సెంటీమీటర్లకు లోపే. ఫోన్ పక్కకు తిప్పితే అదే బొమ్మ వైశాల్యం దాదాపు ఐదు రెట్లు అవుతుంది. టీవీ కొలత వీడియో అయితే మూడు రెట్లు దాటుతుంది. ఇప్పటిదాకా చెప్పుకున్న ఏ గణితమూ బొమ్మ కోల్పోకుండా ఇంత లాభం ఇవ్వలేదు. బటన్ ఫోన్ కాలంలో కన్వర్షన్ తప్పనిసరి. ఇప్పటి ఫోన్లో చాలాసార్లు మణికట్టు తిప్పితే చాలు. తెర నింపడానికి రెండు వేళ్ళతో జూమ్ చేసేవాళ్ళు 16:9 వీడియో పైన కింద అయిదో వంతు కోసేస్తున్నామని గుర్తుపెట్టుకోవాలి.

తీసేవాళ్ళకూ కొంత పని ఉంది. ప్రభను, గాలిగోపురాన్ని, నిలబడి మాట్లాడే ఒక్క మనిషిని నిలువుగా తీయండి. నాటకం, పెళ్ళి పందిరి, ఎడ్ల పందెం అడ్డంగా తీయండి. రెండు రకాల తెరలకూ వెళ్ళాల్సిన వీడియో అయితే అడ్డంగా తీస్తూ ముఖ్యమైన మనిషిని నడుమ మూడో వంతులో ఉంచండి, నిలువు కోతకు ఆ మూడో వంతే దక్కుతుంది. పేర్లు, అక్షరాలు అంచులకు పెట్టకండి. కన్వర్టరు వాడితే సాగదీసి నింపే ఎంపిక జోలికి పోవద్దు. గీతలు కలపడం, చుక్క ఆకారం, పట్టీల కోత, ఆ తర్వాతే కుదింపు అన్న వరస తప్పించవద్దు.

అన్నిటికంటే ముఖ్యం, ఫోన్ కోసం మార్చాక అసలు ఫైలును చెరిపెయ్యకండి. తెరల ఆకారం ఇప్పటికే చాలాసార్లు మారింది, రేపు ఇంకోలా మారుతుంది. అసలు ఉంటే ఏ తెరకైనా మళ్ళీ మార్చుకోవచ్చు. కోసిన బొమ్మ నుంచి పోయిన పక్కలను ఏ యంత్రమూ వెనక్కి తేలేదు. మీ ఊరి నాటకం సీడీ, మీ ఇంటి పెళ్ళి డీవీడీ ఇంకా ఆడుతుంటే, ఈ వారమే వాటిని ఉన్న కొలతలో, ఉన్న నాణ్యతలో ఒక హార్డ్ డిస్కులోకి ఎక్కించి పెట్టుకోండి.